సెన్యా కొయ్యనివ్వని అధ్యాయం

సెన్యా హుహ్తలా మొదటి నవలని నేను పొయ్యిలో పెట్టాను. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఆమె పోయాక డెట్రాయిట్ నుంచి పత్రికవాడొకడు వచ్చి, మా వంటింట్లో కూర్చుని, యాలకుల రొట్టె నములుతూ, "మీరు ఆవిడకి ప్రాణస్నేహితురాలట కదండీ, ఆవిడ రచనలంటే మీకు మొదటినుంచీ ఎంతో గౌరవమట కదా" అన్నాడు. ఎవరు చెప్పారో ఏమో. గౌరవం! ఒక్కో పేజీ చించి మరీ కాల్చాను.

అది 1952. మాది మిషిగన్ ఉత్తరపు కొసన, పెద్ద సరస్సు ఒడ్డున రాగి గనుల ఊరు. ఫిన్లాండు నుంచి గనుల్లో పనికొచ్చినవాళ్ల పిల్లలం మేమంతా. ఆ రోజుల్లో మాకు అమెరికావాళ్లం అయిపోవాలని ఎంత తొందరో చెప్పలేను. ఇంట్లో ఫిన్నిష్ మాట్లాడితే పిల్లల్ని కసిరేవాళ్లం. పేర్లు కురచ చేసుకున్నాం. ఆఖరికి మా చావుల్ని కూడా మెయిన్ రోడ్డు మీద కొత్తగా తెరిచిన అంత్యక్రియల సంస్థకి అప్పజెప్పేశాం.

అంతకుముందు ఆ పని మా అమ్మది. ఆమె పేరు ఈడా. ఎవరింట్లో ఎవరు పోయినా నీలం రంగు బేసిను చంకన పెట్టుకుని వెళ్లి, ఆ ఇంటి వెనక సౌనాలో, అంటే ఆవిరిస్నానాల గదిలో, చెక్కబల్ల మీద పడుకోబెట్టి స్నానం చేయించేది. అదే బల్ల మీద మేం పుట్టాం. శనివారం శనివారం ఆవిరి పట్టి ఒళ్లు తోముకునేదీ అక్కడే. మా పాతకాలం వాళ్లకి ఆ మూడింటికీ ఒకే గది. కానీ బడిలో నన్ను "శవాల దాని కూతురా" అని పిలిచినవాళ్ల పేర్లు నాకిప్పటికీ వరసగా గుర్తున్నాయి. అందుకని అమ్మకి ఆ పని పోతే నేను సంతోషించాను. ఇక ఎవరూ ఆ మాట ఎత్తరు కదా అనుకున్నాను.

సెన్యా ఎత్తింది. పక్క వరస ఇంట్లో నాతోపాటు పెరిగిన సెన్యా. వాళ్ల నాన్న గనిలో పోతే పదిహేనేళ్లకే షికాగో వెళ్లి పెద్దింట్లో పనిమనిషిగా చేరింది. పగలు ఆ ఇంటి గిన్నెలు తోమడం, సెలవు రోజున గ్రంథాలయంలో కూర్చోవడం. అలా కూర్చుని కూర్చుని ఇంగ్లీషులో కథలు రాయడం మొదలుపెట్టింది. ఆ తరవాత ఈ నవల. అందులో శవాలకి స్నానం చేయించే ఒక ముసలామె ఉంది. పేరు మార్చింది సరే, గడ్డం మీద పుట్టుమచ్చ మార్చిందా? నీలం బేసిను మార్చిందా? అది మా అమ్మేనని ఊళ్లో ప్రతివాడికీ తెలిసిపోయింది. నేను పుస్తకం కొని, సౌనా పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చున్నాను.

మరుసటి వేసవిలో వచ్చినప్పుడు చర్చి వాకిట్లో అందరి ముందూ నన్ను పట్టుకుంది.

"ఏమే ఇల్మీ, ఎన్ని పేజీలకి వేడెక్కింది మీ సౌనా?"

నేనూ తక్కువ తినలేదు. "రెండొందల నలభై."

"అయితే ఆఖరి ఇరవై మిగిలాయన్నమాట. చదువు. అవి బాగుంటాయి."

మిగిలిన మాట నిజమే. ఎందుకు మిగిల్చానో నాకే తెలీదు. ఇంటికెళ్లి కట్టెల డబ్బా వెనక నుంచి తీసి చదివాను. తనని వెలేసిన ఊళ్లో ఒక పసిబిడ్డ పోతే, ఎవరూ పిలవకపోయినా ఆ ముసలామె మంచులో నడుచుకుంటూ వెళ్లి తలుపు కొడుతుంది. అది మా అమ్మ నిజంగా చేసిన పని. నాకు తప్ప ఎవరికీ తెలియదనుకున్నాను. చదివి ఏడ్చాను. ఏడ్చి, తొమ్మిదేళ్లపాటు సెన్యాతో మాట్లాడలేదు. మేం అలాంటివాళ్లం.

ఆ తరవాత ఆమె ఇంకో రెండు నవలలు రాసింది. పెద్ద పత్రికలు మెచ్చుకున్నాయి, ఎవరూ కొనలేదు, ప్రచురించేవాళ్లు మొహం చాటేశారు. నలభై రెండేళ్ల వయసులో పెట్టె పట్టుకుని ఊరికి తిరిగొచ్చి మా గ్రంథాలయంలో బల్ల దగ్గర ఉద్యోగానికి కుదిరింది. వచ్చిన శనివారమే మా సౌనాకి వచ్చి, చనువుగా మెట్ల బల్లల మీద పై మెట్టెక్కి నా పక్కన కూర్చుంది. ఆవిరి లేవడానికి పొయ్యి మీద కాలే రాళ్ల మీద నీళ్లు పోసింది. నేను జరిగి చోటిచ్చాను. రాజీ అంటే మాకు అంతే.

గ్రంథాలయంలో ఉంటూనే అనువాదాలు మొదలుపెట్టింది. ఫిన్నిష్ నుంచి ఇంగ్లీషులోకి పదకొండు పుస్తకాలు. వాటిలో ఆమె పేరు ఎక్కడుందో వెతకాలంటే భూతద్దం కావాలి. "అనువాదకురాలు కిటికీ అద్దం లాంటిది, కనపడకూడదు" అని ఎవరో ప్రొఫెసరు ఉపన్యాసంలో అన్నాడట. సెన్యా చెయ్యెత్తి, "మీ ఇంట్లో కిటికీ అద్దాలు ఎవరు తుడుస్తారండీ?" అని అడిగిందట. ఆ తరవాత ఆ విశ్వవిద్యాలయం వాళ్లు ఆమెని మళ్లీ పిలిచిన పాపాన పోలేదు.

ఆమె పనిచేసే పద్ధతి చెప్పాలి. వారమంతా టైపు మిషను మీద నాలుగైదు పేజీలు కొట్టేది. వాటిని నోటికి నేర్చుకునేది. శనివారం మధ్యాహ్నం సౌనాలో మా అందరి ముందూ అప్పజెప్పేది. కాగితం తేవడానికి లేదు, ఆవిరికి తడిసి ముద్దయిపోతుంది. నేనూ, హిల్యా, తూనే, ఇంకో ఇద్దరు ఆడవాళ్లూ, మొత్తం ఐదుగురం, చెమటలు కక్కుకుంటూ వినేవాళ్లం. అందరం అరవై దాటినవాళ్లమే. ఫిన్నిష్ మా అమ్మల నుంచి వచ్చింది, ఇంగ్లీషు కాలేజీ వంటశాలల్లోనూ ఆసుపత్రి వార్డుల్లోనూ నేర్చుకున్నాం. ఎక్కడన్నా తను తడబడితే ఆ వాక్యం పనికిరాదని తీర్పు.

"నోట్లో నిలబడనిది పేజీలో మాత్రం ఎలా నిలబడుతుందే?" అనేది.

"నీకు మతిమరపు వచ్చిందేమో ముసలిదానా, పాపం వాక్యాన్నెందుకు తిట్టడం?" అనేది హిల్యా. హిల్యా ముప్పై ఏళ్లు స్కూలు బస్సు నడిపింది, ఎవరికీ భయపడదు.

ఇలా ఆరేళ్లు కూర్చుంది ఒక్క పుస్తకం మీద. ఫిన్లాండులో ఎప్పుడో ఒక పాలేరు మనిషి, ఆడమనిషి, జీవితంలో ఒకే ఒక్క నవల రాసి క్షయతో పోయింది. పన్నెండు అధ్యాయాలు. ఏడోదానిలో ముగ్గురు అక్కచెల్లెళ్లు చనిపోయిన తల్లికి సౌనాలో స్నానం చేయిస్తారు. పదకొండు పేజీలు. కథలో ఇంకేమీ జరగదు.

ఆ అధ్యాయం దగ్గర సెన్యా ఆగిపోయింది. మూడు వారాలు శనివారం వచ్చి ఊరికే కూర్చుంది. నాలుగో వారం మిగతావాళ్లు వెళ్లేదాకా ఆగి అడిగింది.

"ఇల్మీ, మాటలు నా దగ్గరున్నాయి. చేతులు లేవు. మీ అమ్మ ఎలా చేసేది?"

"నాకు గుర్తులేదు."

"అబద్ధాలాడకు. పన్నెండేళ్లప్పటినుంచీ నీళ్లు మోశావు."

నాకు కోపమొచ్చింది. లేచి వెళ్లిపోదామనుకున్నాను. వెళ్లకుండా, "పడుకో" అన్నాను. బల్ల మీద పడుకుంది. నేను మా అమ్మ చేసినట్టే చేశాను. ముందు మొహం, చెవుల వెనక, ఆ తరవాత కుడివైపు భుజం నుంచి కిందికి. గోరువెచ్చని నీళ్లు. చేస్తూ మాట్లాడుతుండాలి, 'ఇప్పుడు చెయ్యెత్తుతున్నా, ఇప్పుడు పక్కకి తిప్పుతున్నా' అని చెప్తుండాలి, చెప్పకుండా ముట్టుకుంటే పోయినవాళ్లు ఉలిక్కిపడతారని అమ్మ అనేది. ఆ నీళ్లు ఎవరి కాలూ పడని చోట పారబోయాలి. నాకు అన్నీ వచ్చు. ముప్పై ఏళ్లకి పైగా మర్చిపోయానని చెప్పుకు తిరిగినదాన్ని, ఒక్కటీ మర్చిపోలేదు. సెన్యా కళ్లు మూసుకుని పడుకుని ఉంటే, ఆమె ముడతల పొట్ట మీద నా కన్నీళ్లు పడ్డాయి. మరుసటి శనివారం ఏడో అధ్యాయం ఒక్క తడబాటు లేకుండా చెప్పింది. విని తూనే లేచి, రాళ్ల మీద మూడు చెంబుల నీళ్లు పోసింది. అంతకంటే పెద్ద మెప్పు మా ఊళ్లో లేదు.

పుస్తకం న్యూయార్కు వెళ్లింది. 1986 ఫిబ్రవరిలో ఉత్తరం వచ్చింది. అక్కడి సంపాదకురాలు మార్గో ఫెంటన్ అని, చిన్నపిల్ల, ముప్పై దాటి ఉండవు. అన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయిట. ఒక్క ఏడో అధ్యాయం తీసేద్దామట. ఆవిరిస్నానం అనగానే పాఠకులకి వ్యాయామశాల గుర్తొస్తుంది కానీ శవం గుర్తురాదట. వాళ్లు పుస్తకం మూసేస్తారట.

"మూస్తే మళ్లీ తెరుస్తారు. చేతులున్నాయిగా," అంది సెన్యా. ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి కదులుతున్న టేబులు కాలు కింద పెట్టింది. తరవాత టైపు మిషను ముందు కూర్చుని ఒకే వాక్యం కొట్టింది: మీరు వచ్చి వినండి.

ఆ పిల్ల నిజంగానే వచ్చింది. మార్చిలో, మా కిటికీల దాకా మంచు పేరుకుని ఉండగా, విమానం దిగి, పల్చటి బూట్లేసుకుని వచ్చింది. పాపం అనిపించింది. హిల్యా తన మనవడి బూట్లు తెచ్చి తొడిగింది. బల్ల మీద యాలకుల రొట్టె, వెన్న, ఎండు చేప, రెండు రకాల బిస్కట్లు సర్దాం. కాఫీ కావాలా అంటే మొదటిసారికే "ఇవ్వండి" అంది. ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మూడోసారి బతిమాలేదాకా ఆగాలని తెలియదు. పోనీలే, చిన్నపిల్ల.

ఆ మధ్యాహ్నం సౌనాలోకి రమ్మన్నాం. తువ్వాలు గట్టిగా చుట్టుకుని వచ్చి అన్నిటికంటే కింది మెట్టు మీద, తలుపు పక్కన కూర్చుంది. సెన్యా పై మెట్టు మీంచి మొదలుపెట్టింది. పదకొండు పేజీలు. అక్కచెల్లెళ్లు తల్లి జుట్టు దువ్వడం, పెద్దది తల్లి చేయి పట్టుకుని మాట్లాడడం, చిన్నది నీళ్లు మోస్తూ తలుపు దగ్గర నిలబడిపోవడం. నేను ఆ పిల్ల మొహమే చూస్తున్నాను. ఒక్క మాట మాట్లాడలేదు. దగ్గలేదు. కదల్లేదు. చివరిదాకా పొయ్యివంకే చూస్తూ కూర్చుంది.

మీకెలా చెప్పాలో తెలీడం లేదు. మా వాళ్లలో ఎవరికన్నా ఒక సంగతి నచ్చలేదనుకోండి, గొంతు సవరించుకుంటారు. మంచు గురించి మాట్లాడతారు. లేచి కట్టెలు సర్దుతారు. అన్నీ విని, నోరు మూసుకుని, చివరిదాకా కూర్చున్న మనిషి మాట ఇచ్చేసినట్టే. మా నాన్న మా పొలం కొన్నది అలానే. నా పెళ్లి కుదిరిందీ అలానే. సెన్యా చెంబెత్తి రాళ్ల మీద నీళ్లు పోసింది, బేరం కుదిరిందన్నట్టు. తూనే ఆ పిల్ల భుజం తట్టింది. వెళ్లేటప్పుడు రొట్టె, ఎండు చేప కట్టిచ్చాం. చేప వాసనకి మొహం చిట్లించినా తీసుకుంది. ఆ సాయంత్రం మేం పండగ చేసుకున్నాం. హిల్యా డాన్సు కూడా చేసింది, నడుం పట్టేసింది.

మూడు వారాలకి అచ్చుపేజీలు వచ్చాయి. సెన్యా వంటింట్లో నేనే కట్ట విప్పాను. ఆరో అధ్యాయం అవగానే మా ఎనిమిదోది వచ్చింది, దానికి వాళ్లు ఏడు అని అంకె వేశారు. పదకొండు పేజీలు పోయి, ఆ పోయిన జాగా కూడా కనపడకుండా అంకెలు సర్దేశారు.

సెన్యా ఫోను చేసింది. అవతలి మాటలు కూడా వినపడేంత నిశ్శబ్దంగా ఉంది ఇల్లు.

"మాటిచ్చావు కదమ్మాయ్," అంది సెన్యా.

"నేనెప్పుడిచ్చానండీ? నేనసలు ఒక్క మాట కూడా మాట్లాడలేదు!"

"అదే కదా."

అప్పుడు ఆ పిల్ల చెప్పింది, ఆ రోజు తనకి ఊపిరాడలేదట, ఏడుపొచ్చిందట, పెద్దవాళ్ల ముందు కాదనడం మర్యాద కాదని ఊరుకుందట. "అది గొప్ప అధ్యాయం, సెన్యాగారూ. నాకు తెలుసు. నచ్చడం వేరు, అమ్మడం వేరు. పుస్తకం బయటికి రావడం ముఖ్యం కదా. మీరు సంతకం చేసి పంపండి చాలు."

"నేను సంతకం చేయకపోతే?"

"ఒప్పందం రద్దవుతుందండీ. పుస్తకం రాదు."

"సరే, ఇది నోటితో చెప్తున్నాను, విను. నేను చెయ్యను." ఫోను పెట్టేసింది.

నాకు చాలా భయమేసింది. ఆమె గుండె సంగతి నాకు తెలుసు. డాక్టరు ఆ చలికాలంలోనే రెండుసార్లు ఆసుపత్రిలో పెట్టాడు. సొంత నవలలు మూడూ ఎక్కడా దొరకవు. పదకొండు అనువాదాల్లో ఆమె పేరు చీమతల. ఈ పుస్తకానికి మాత్రం ఆమె పేరు అట్ట మీద వేస్తామని ఒప్పుకున్నారు. జీవితంలో మొదటిసారి. ఆరేళ్లు. అందుకే అన్నాను, నేనే అన్నాను:

"ఒప్పుకోవే. పదకొండు అధ్యాయాలు మిగులుతాయి కదా. ఒక్కటి పోతే ఏమైంది?"

సెన్యా నావైపు తిరిగింది. అరవై ఏళ్లలో ఆమె నన్ను అలా చూడలేదు, చర్చి వాకిట్లో కూడా.

"మీ అమ్మని ఇంకోసారి పొయ్యిలో పెట్టమంటావా?"

కోటు తీసుకుని బయటికొచ్చేశాను. మంచులో మా ఇంటిదాకా నడిచి, మళ్లీ వెనక్కి నడిచాను. ఆమె అలాగే కూర్చుని ఉంది, అచ్చుపేజీల మధ్య తను టైపు చేసిన పదకొండు పేజీలు మళ్లీ దూరుస్తూ. నేను గుమ్మంలో నిలబడే చెప్పాను, "పంపెయ్. మంటలో పడమను వాళ్లని."

పంపింది. ఒప్పందం రద్దయింది. ఇంకో రెండు సంస్థలకి పంపితే ఒకరు ఏడో అధ్యాయం కాస్త కురచ చేయమన్నారు, ఇంకొకరు జవాబే ఇవ్వలేదు. రాతప్రతి ఉన్న అట్టపెట్టె తిరిగొచ్చి టైపు మిషను పక్కన కూర్చుంది. ఊళ్లో కొందరు నవ్వారు. మా పాస్టరుగారు, మంచాయనే, "సెన్యాగారూ, కాస్త సర్దుకుపోవడంలో తప్పులేదు" అన్నాడు. "మీరు ప్రార్థనలోంచి ఒక వాక్యం తీసి సర్దుకుపోయి చూపించండి, నేనూ ఆలోచిస్తాను" అందామె.

ఆ వేసవి మొదటి శనివారం మా ఐదుగురినీ కూర్చోబెట్టింది.

"కాగితం వాళ్లకి కావాలి. మనకి నోళ్లున్నాయి. తలా రెండు అధ్యాయాలు నేర్చుకోండి, మిగతా రెండూ నావి."

"నాకు బజారు చీటీయే గుర్తుండదు," అంది తూనే.

"బజారు చీటీ బాగా రాయలేదు కాబట్టి. ఇది బాగా రాశాను."

"దీనికి పొగరెక్కువ," అంది హిల్యా. అంది కానీ మొదటి అధ్యాయం అందరికంటే ముందు నేర్చుకుంది.

నాకు ఏ రెండు ఇచ్చిందో చెప్పక్కర్లేదు. ఆరోది వారంలో వచ్చేసింది. ఏడోది మాత్రం వేసవంతా పట్టింది. గిన్నెలు కడుగుతూ, కూరగాయల మళ్లు తవ్వుతూ గొణుక్కునేదాన్ని. మా ఆయన బతికుంటే పిచ్చాసుపత్రికి తీసుకెళ్లేవాడు. పదిన్నర పేజీలు గడగడా చెప్పేదాన్ని. చివర్లో ఒక వాక్యం దగ్గర ప్రతిసారీ తడబడేదాన్ని. పెద్దకూతురు తల్లి ఎడమచేయి అన్నిటికంటే ఆఖర్న కడుగుతుంది. ఎందుకంటే, 'పని చేసింది కుడిచేత్తో, మమ్మల్ని ఎత్తుకున్నది ఎడమచేత్తో.' అంతే వాక్యం. అక్కడ ఆగిపోయేదాన్ని.

"ఈ వాక్యం తడబడుతోంది. తీసేద్దామా?" అని ఏడిపించేది సెన్యా.

"తీసి చూడు, నీ సంగతి చెప్తా."

మంచు మళ్లీ పడడం మొదలయ్యాక, నవంబరులో, ఆమె మంచం పట్టింది. ఆసుపత్రికి వెళ్లనంది. నేను వాళ్లింట్లోనే ఉన్నాను. ఒకరోజు పొద్దున్న కాఫీ తాగుతూ అంది, "నన్ను ఆ మెయిన్ రోడ్డు వాళ్లకి ఇవ్వకు." నేను ఏమీ అనలేదు. "ఇల్మీ, నోరు మూసుకుని కూర్చుంటే నాకు చాలదు. నోటితో చెప్పు." చెప్పాను. ఇవ్వను అని చెప్పాను. ఆ తరవాతి గురువారం తెల్లారేసరికి పోయింది, కళ్లజోడు ఇంకా ముక్కు మీదే ఉంది.

అంత్యక్రియల సంస్థ ఇప్పుడు డేల్ క్రోనిన్ అనే అతను నడుపుతున్నాడు. ఒహాయో నుంచి వచ్చినవాడు, మర్యాదస్తుడు, ఎప్పుడూ నల్లకోటు వేసుకునే ఉంటాడు. ఎవరో చెప్పినట్టున్నారు, ఎనిమిదింటికల్లా ఫోను చేశాడు.

"ఇల్మీగారూ, చాలా బాధగా ఉందండీ. పదింటికి బండి పంపిస్తాను. ఆవిడని తీసుకొచ్చి అన్నీ మేమే చూసుకుంటాం. సరేనా అండీ?"

నేను ఏమీ మాట్లాడలేదు. అరవై ఏడేళ్ల అలవాటు. కాదనాల్సిన చోట నోరు మూసుకుని, అవతలివాళ్లే అర్థం చేసుకోవాలనుకునే జాతి మాది. ఫోనులో "అయితే పదింటికి" అని వినపడింది. అప్పుడు మార్గో గుర్తొచ్చింది నాకు, పొయ్యివంక చూస్తూ కూర్చున్న ఆ పిల్ల.

"సరే కాదు!" అని అరిచాను. వంటింట్లో గిన్నెలు ఖంగుమన్నాయి. "సరే కాదు డేల్. సెన్యాకి మేం స్నానం చేయిస్తాం. తన ఇంటి సౌనాలోనే. మా పనయ్యాక పిలుస్తాం, అప్పుడు రా."

"అదెలా కుదురుతుందండీ? చట్టం ప్రకారం నేను ఉండాలి..."

"ఉండు. వాకిట్లో ఉండు. చట్టాన్ని కూడా పక్కన నిలబెట్టుకో."

నలుగురినీ పిలిచాను. హిల్యా మంచు తవ్వి దారి చేసింది, నడుం నొప్పని గోలపెడుతూనే. తూనే పొయ్యి కొంచెంగా రాజేసింది, నీళ్లు గోరువెచ్చన అయ్యేంత మాత్రమే. సౌనాలో ఒళ్లు తట్టుకోడానికి వేసవిలో కట్టి మంచుపెట్టెలో దాచిన బర్చి చెట్టు ఆకుల కట్ట తీసుకొచ్చి నీళ్లలో వేస్తే గదంతా జూన్ నెల వాసన. మా ఇంటి అటక మీంచి నేను అమ్మ నీలం బేసిను దించి తెచ్చాను. ముప్పై నాలుగేళ్లుగా పాత దుప్పట్లో చుట్టి దాచాను దాన్ని. అంచు దగ్గర పెచ్చు లేచింది, అంతే.

సెన్యాని బల్ల మీద పడుకోబెట్టాం. తువ్వాలు తడిపాను. "సెన్యా, మొహం కడుగుతున్నా," అన్నాను. చెప్పకుండా ముట్టుకోకూడదు కదా. ఆ తరవాత ఏడో అధ్యాయం మొదలుపెట్టాను.

నేను చెప్తుంటే చేతులు వాటంతటవే నడిచాయి. లేక చేతులు నడుస్తుంటే మాటలు వచ్చాయో. మొహం, చెవుల వెనక, కుడి భుజం. హిల్యా జుట్టు దువ్వింది. తూనే నీళ్లు మోస్తూ తలుపు దగ్గర నిలబడిపోయింది, పుస్తకంలో చిన్నకూతురిలాగే, తనకా సంగతి గుర్తుందో లేదో. మధ్యలో గుమ్మం ముందు బండి ఆగిన చప్పుడైంది. ఎవరో మంచులో పచార్లు చేస్తున్నారు. నేను ఆపలేదు. పదకొండో పేజీకి వచ్చాను. ఎడమచేయి తీసుకున్నాను. వేళ్ల కొసలకి టైపు మిషను రిబ్బను మరకలు, నల్లగా, సబ్బుకి పోలేదు.

ఆగిపోయాను. ఎప్పుడూ ఆగిపోయే చోటే.

"పని చేసింది కుడిచేత్తో," అంది హిల్యా, దువ్వెన ఆపకుండా. తన అధ్యాయం కాదది. తనకి ఎవరూ ఇవ్వలేదు.

"మమ్మల్ని ఎత్తుకున్నది ఎడమచేత్తో," అంది తలుపు దగ్గర నుంచి తూనే, బజారు చీటీ గుర్తుండని తూనే. మూలనున్న ఇద్దరూ కూడా అంటున్నారు. అందరికీ వచ్చు. వేసవంతా నాకు తెలియకుండా, ఒకరికి తెలియకుండా ఒకరు, అందరూ అదే నేర్చుకున్నారు, న్యూయార్కు వాళ్లు కోసి పారేసిన ఆ పదకొండు పేజీలే. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆ వేళ్లు ఒక్కొక్కటీ కడిగాను. మరకలు అలాగే వదిలేశాను.

తలుపు మీద ఎవరో మెల్లిగా కొట్టారు.

"ఇల్మీగారూ," డేల్ గొంతు, చలికి వణుకుతోంది, "అయిపోయిందా అండీ?"

"లేదు," అన్నాను, అందరికీ వినపడేలా. "ఎనిమిదో అధ్యాయం ఉంది. ఆ తరవాత ఇంకో నాలుగు. నీకు చలేస్తే లోపలికెళ్లి కాఫీ తాగు."